మూడోసారి అనని పాట

ఎడిటరుగారు ఫోన్ చేసి రెండు ముక్కల్లో పని అప్పగించారు. "పాత బొమ్మకార్లు ఆన్‌లైన్ వేలాల్లో వేలకు వేలు పలుకుతున్నాయట. మీకు ఆ పిచ్చి ఉందిగా, కవర్ స్టోరీ రాసిపెట్టండి. గురువారం సాయంత్రానికి పేజీలు కట్టేయాలి." ఆయన మనసులో ఉన్న కథ ఏదో తెలుస్తూనే ఉంది. అటక మీద దుమ్ము పట్టిన బొమ్మ, దాని వెల విని నోరెళ్లబెట్టిన ఇంటివాళ్లు, చివర్లో పెద్దక్షరాలతో ఒక అంకె. అలాంటి కథలు చాలా వచ్చాయి, అవి అబద్ధాలూ కావు. కానీ ఆ అంకెకు అటు కొన్నవాడు, ఇటు అమ్మినవాడు ఎంత విసిగిపోయి ఉంటారో వాటిలో ఎక్కడా కనపడదు. పదేళ్ల పైబడి ఈ వేలాల్లో కొంటున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. చిన్న లోహపు కార్లంటే నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. వేలం మీద నమ్మకం మాత్రం చాలావరకు పోయింది. ఈ కథనం ఆ రెంటి మధ్య నుంచి రాస్తున్నది.

మంగళవారం రాయడానికి కూర్చుని పాత రసీదుల కోసం సొరుగు తీస్తే ఒక కాగితం చేతికొచ్చింది. రెండు మడతలు పెట్టిన ప్రింటవుట్. నేను ఓడిపోయిన ఒక పాట తాలూకు చిట్టా. దాన్ని ఎందుకు దాచానో గుర్తులేదు. చదవడం మొదలుపెట్టాక మిగతా రసీదులన్నీ పక్కన పెట్టేశాను.

ఒక కాగితం, ఏడు రోజులు

వస్తువు ఏమిటో ముందు చెప్పాలి. నికీ టాయ్స్ వారి జాగ్వార్ మార్క్ 10. నాలుగంగుళాలకు కొంచెం పైన పొడవు, అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసే లోహపు కారు, అట్టపెట్టెతో సహా. కలకత్తాలో తయారైన బొమ్మ. అది ఇంగ్లండులో ఎవరి ఇంట్లోనో ఉండి, అక్కడి నుంచి అమ్మకానికి వచ్చింది. మన దేశంలో పుట్టిన వస్తువు కోసం హైదరాబాద్‌లో కూర్చుని పౌండ్లలో పాట పాడాలి. నాకు అది వింతగా అనిపించలేదు, ఇంటికి తెచ్చుకోవాలనిపించింది.

వేలం వెబ్‌సైట్లు పాట ముగిశాక ఎవరు ఎప్పుడు ఎంత పాడారో వరసగా చూపిస్తాయి. పేర్లుండవు. ముందొక అక్షరం, చివరొక అక్షరం, మధ్యలో మూడు నక్షత్రాలు. పక్కన ఒక అంకె. ఆ మనిషి ఇప్పటిదాకా ఎన్ని బేరాల్లో మంచిమాట తెచ్చుకున్నాడో ఆ అంకె చెబుతుంది. ఎదురుగా గంట, నిమిషం, సెకను.

మొదటి వరస నాదే. పాట 10 పౌండ్ల దగ్గర మొదలైంది. సోమవారం పొద్దున్నే 15 వేశాను. తెర మీద మాత్రం 10 అనే ఉంది. ఎందుకంటే ఇక్కడ పాట నోటితో పాడేది కాదు. ఎంతవరకు వెళ్లగలమో ఆ పై అంకెను యంత్రం చెవిలో వేస్తాం. ఎదుటివాడు పెంచినకొద్దీ మన తరఫున అదే ఒక్కో మెట్టు ఎక్కుతుంది. అవసరం పడేదాకా మన పై అంకె ఎవరికీ తెలియదు.

రెండో మనిషి మంగళవారం రాత్రి వచ్చాడు. పేరు పక్కన అంకె 4. కొత్తవాడు. 11 అన్నాడు, యంత్రం నా తరఫున 12 అంది. అతను 13, యంత్రం 14. అతను 15 వేస్తే ముందు చెప్పింది నేను కాబట్టి పాట నాదిగానే నిలిచింది. తర్వాత 16. అక్కడ నన్ను దాటాడు. నాలుగు నిమిషాల్లో నాలుగు పాటలు, చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లినట్టు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. మొదటి ఏడాది నేనూ అలాగే పాడాను. కానీ అతను చేసిన పనివల్ల నా పై అంకె 15 అని ఆ పేజీ చూస్తున్న అందరికీ తెలిసిపోయింది. ఈ వస్తువు కావాలని తపిస్తున్నవాళ్లు కనీసం ఇద్దరున్నారనీ తెలిసిపోయింది.

బుధవారం నేను 30 వేశాను. తెర మీద 17. శుక్రవారం మూడో మనిషి 22 అన్నాడు, నా తరఫున 23 అయింది. అతను మళ్లీ పెంచలేదు. పోయాడనుకున్నాను.

ఆదివారం. ఇంగ్లండులో చాలామంది అమ్మకందార్లు పాట ముగింపును ఆదివారం సాయంత్రానికి పెట్టుకుంటారు. జనం ఇళ్లలో ఉంటారని. అక్కడ ఎండాకాలంలో రాత్రి ఎనిమిదంటే మనకు పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. పదకొండున్నరకు నా పై అంకెను 45 చేశాను. తెర మీద ఏమీ మారలేదు, 23 అలాగే ఉంది. పదో తరగతి చదివే మా అమ్మాయికి మర్నాడు పరీక్ష. అయినా పడుకోకుండా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

చిట్టాలో ఆ తర్వాతి వరసలు రెండే. పాట ముగియడానికి 7 సెకన్ల ముందు శుక్రవారం మనిషి 38 వేశాడు. నా తరఫున 39. మేము ఊపిరి బిగపట్టాం. 3 సెకన్ల ముందు నాలుగో మనిషి. ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పేజీలో కనపడనివాడు, పేరు పక్కన రెండు వేలకు పైగా అంకె ఉన్నవాడు. 46. అంతే. పాట ముగిసిందని ఎర్రక్షరాలు వచ్చాయి.

"నాన్నా, ఒక్క పౌండుతో పోయిందా?" అంది మా అమ్మాయి.

నేనూ అదే అనుకున్నాను. ఆ రాత్రే కాదు, వారం రోజులపాటు అదే అనుకున్నాను. 47 వేసుంటే వచ్చేది కదా అని. ఈ కాగితం మళ్లీ చదువుతుంటే ఇప్పుడు అర్థమవుతోంది, ఆ ఒక్క పౌండు ఉత్త భ్రమ. నాలుగో మనిషి యంత్రానికి చెప్పిన పై అంకె 46 కాకపోవచ్చు. 60 కావచ్చు, 200 కావచ్చు. నా 45కు ఒక్క మెట్టు పైన యంత్రం ఆపింది కాబట్టి తెర మీద 46 కనపడింది. నేను 47 వేసుంటే అతని తరఫున అదే యంత్రం 48 అనేది. ఓడినవాడు ఎంతవరకు వెళ్లాడో చివరి పౌండు దాకా ఈ కాగితంలో ఉంది. గెలిచినవాడు ఎంతదాకా వెళ్లగలిగేవాడో ఎక్కడా లేదు. ప్రతి పాటలోనూ ఇంతే. ఓడిన ప్రతివాడికీ కొద్దిలో తప్పిపోయిందనే అనిపిస్తుంది. ఈ వేలాల్లో మనుషుల్ని తినేసే బాధల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. ఎందుకంటే ఆ బాధతోనే తర్వాతి పాటలో కూర్చుంటాం. నేను కూర్చున్నాను. అది కాసేపట్లో చెబుతాను.

చెరువుగట్టు మీద పాట

మా ఊళ్లో చెరువుగట్టు చింతచెట్ల కాపును ఏటా పంచాయతీవాళ్లు పాట పెట్టేవాళ్లు. గుమాస్తా చెట్టుకింద నిలబడి "ఒకటోసారి" అని ఆగేవాడు. చుట్టూ చూసేవాడు. "రెండోసారి" అని ఇంకొంచెం ఎక్కువసేపు ఆగేవాడు. "మూడో..." అంటుండగా ఎవరైనా పది రూపాయలు పెంచితే లెక్క మళ్లీ ఒకటోసారి దగ్గర మొదలు. పాట ఎన్ని గంటలకు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. పెంచేవాళ్లు లేనప్పుడే ముగిసేది. అందులో మోసాలు లేకపోలేదు. నలుగురు రింగయి చెట్లను కారుచవగ్గా కొట్టేసిన ఏళ్లూ ఉన్నాయి. కానీ ఆ నలుగురు ఎవరో ఊరందరికీ తెలుసు. ఎదుటివాడి ముఖం చూసి ఇంకెంత పెంచగలడో అంచనా వేసుకునే వీలుండేది. పెంచడానికి సమయమూ ఉండేది.

గడియారం ముల్లుతో ముగిసే పాటలో ఆ సమయం లేదు. ఇది నా ఒక్కడి గోడు అనుకునేవాణ్ణి, ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాసిన వ్యాసం చదివేదాకా. 2002లో 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ'లో వచ్చింది. వీళ్లలో రాత్‌కు 2012లో నోబెల్ వచ్చింది, వేరే పనికి. అప్పట్లో ఈబేతోపాటు అమెజాన్ కూడా వేలాలు నడిపేది. రెంటికీ ఒకే తేడా. ఈబేలో పాట చెప్పిన సెకనుకు ముగిసేది. అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు జరిగేది. పది నిమిషాలపాటు ఎవరూ పెంచకపోతేనే పాట ముగిసేది. అంటే మా గుమాస్తా పద్ధతి. పాత వస్తువుల విభాగంలో ఈబే పాటలు నూటికి 59 చివరి అయిదు నిమిషాల్లో వచ్చిన పాటతో తేలాయి. అమెజాన్‌లో అలా తేలినవి నూటికి 3 మాత్రమే. కంప్యూటర్ల విభాగంలో కంటే పాత వస్తువుల్లో ఈ చివరి నిమిషం దూకుడు ఎక్కువని కూడా వాళ్లు గమనించారు. కారణం మన సేకరణకర్తలకు చెప్పనక్కర్లేదు. పాత వస్తువు విలువ తెలిసినవాడు ముందే నోరు విప్పితే, ఆయన పాడాడంటే ఇందులో సరుకుందన్నమాట అని మిగతావాళ్లు వెంటపడతారు. అందుకే రెండు వేల అంకె ఉన్న ఆ నాలుగో మనిషి ఏడు రోజులు మౌనంగా కూర్చున్నాడు.

పుస్తకాలు చెప్పే సలహా వేరు. ఎంత ఇవ్వగలవో ఒక్కసారి నిజాయతీగా చెప్పి పడుకో, గెలిచినా రెండో మనిషి అంకెకు ఒక మెట్టు పైనే కడతావు అంటాయి. 1961లో విలియం విక్రీ రాసిన వ్యాసం నుంచి వచ్చిన తర్కమిది. 1996లో ఆయనకు దక్కిన నోబెల్‌లో దీనికీ వాటా ఉంది. తర్కంలో తప్పు లేదు. కానీ చిట్టా చూడండి. నేను 15 అన్నాను, తర్వాత 30 అన్నాను, తర్వాత 45 అన్నాను. నాలాంటివాళ్లు పక్కవాడు పెంచితే తమ అంకె మార్చుకుంటారని నాలుగో మనిషికి తెలుసు. మాకు మార్చుకునే సమయం మిగలకుండా ఆయన మూడు సెకన్ల ముందు వచ్చాడు. నియమం ఆయన చేతికి ఆ కత్తి ఇచ్చింది, ఆయన వాడుకున్నాడు. చివరి సెకన్లో మన తరఫున పాడిపెట్టే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వాటి ముందు ఫోన్ పట్టుకుని వేళ్లు వణుకుతూ కూర్చున్న మనిషి నిలబడలేడు.

అమెజాన్ వేలాలు తర్వాత మూతబడ్డాయి. పెంచేవాళ్లున్నంతసేపు సాగే పాట ఇప్పుడు పెద్ద వేలం సంస్థల ఆన్‌లైన్ గదుల్లో కనిపిస్తుంది. మామూలు సేకరణకర్తలు తిరిగే చోట గడియారానిదే రాజ్యం. ఇది మారాలని నా అభిప్రాయం. మార్చడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

కలకత్తా దాకా వచ్చిన అచ్చులు

చరిత్రకు ఈ పేజీల్లో చోటు తక్కువ, గబగబా చెప్పేస్తాను. లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్డు మీద ఫ్రాంక్ హార్న్‌బీ పెట్టిన మెకానో కంపెనీ రైలుబొమ్మల పక్కన నిలబెట్టడానికి చిన్న వాహనాలు తీసింది. 1933లో 'మోడల్డ్ మినియేచర్స్' అని పిలిచి, 1934లో డింకీ అని పేరు పెట్టింది. యుద్ధం తర్వాత మ్యాచ్‌బాక్స్, కార్గీ పోటీకి వచ్చాయి, 1968లో అమెరికా నుంచి హాట్‌వీల్స్ దూసుకొచ్చాయి. 1979లో బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ మూతపడింది. ఈ మధ్యలో, 1960ల చివర్లో, డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. వాటితో ఇక్కడ పోసిన కార్లే నికీ టాయ్స్. జాగ్వార్, ఫోక్స్‌వాగన్ 1500, మెర్సిడెస్ లాంటివి. కొన్నిటి అడుగున డింకీ పేరు చెరిపేసిన ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక వేలం సైట్ల సంగతి. ఈబే 1995లో మొదలైంది. మన వేలం సైటు బాజీ డాట్ కామ్‌ను 2004లో కొని ఇండియాకు వచ్చింది, 2018 ఆగస్టు 14న ఇక్కడి సైటు మూతపడింది. ఆ తర్వాత మన సేకరణకర్తల బేరాలు చాలావరకు వాట్సాప్, ఫేస్‌బుక్ గుంపుల్లోకి వెళ్లిపోయాయి.

పెట్టె విప్పాక

జాగ్వార్ పోయిన మూడో వారంలో ఫోక్స్‌వాగన్ 1500 పాటకు వచ్చింది. అదీ నికీదే. వివరణలో "మింట్" అని ఉంది, పెట్టె కూడా ఉందని ఉంది. నాలుగు ఫొటోలు. నాలుగూ పైనుంచి, పక్కనుంచి తీసినవి. అడుగు ఫొటో అడగాలని తెలుసు. పదేళ్లుగా ఇతరులకు నేనిచ్చే సలహా అదే. కానీ మనసులో ఆ ఒక్క పౌండు ఉంది. ఇంకోసారి పోగొట్టుకోకూడదనుకుని 70 వేశాను. 68 దగ్గర పాట నాదయింది.

ఐదు వారాలకు పార్సిల్ వచ్చింది. కారు తిప్పి చూడగానే తెలిసింది. ఈ రకం కార్లలో పైభాగానికి ఫ్యాక్టరీలోనే రంగు వేసి ఆరబెట్టి, ఆ తర్వాత అడుగుపట్టీ బిగిస్తారు. పైభాగం నుంచి దిగిన చిన్న లోహపు మొలల తలల్ని నొక్కి రివెట్‌లా చదును చేస్తారు. కాబట్టి అసలైన కారులో ఆ రివెట్ తల బోసిగా, లోహం రంగులో మెరవాలి. నాకొచ్చిన కారులో ఒక రివెట్‌ను డ్రిల్లుతో తొలిచి స్క్రూ బిగించారు. లోపలి అంచుల్లో ఎర్రరంగు కింద పాత నీలం కనపడుతోంది. పెట్టె కొత్తగా అచ్చు వేయించినది. భూతద్దంలో ఇంక్‌జెట్ చుక్కలు విడివిడిగా కనపడ్డాయి, మడతల దగ్గర అట్ట ఏమాత్రం నలగలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రంగు ఊడిన కారుకు కొత్తగా రంగు వేసుకోవడం తప్పేమీ కాదు. అదొక విద్య. ఇంగ్లండులో లోహపు బొమ్మల రంగు వదలగొట్టడానికి డెటాల్‌లో నానబెట్టే పద్ధతి ఈ సరదా ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిందే. నకలు పెట్టెలు అచ్చువేసి, నకలు అని చెప్పే అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పనితనం నాకు ఇష్టం. కానీ ఒక చేయి మారాక ఆ "నకలు" అనే మాట రాలిపోతుంది. ఇంకో చేయి మారాక "మింట్" అనే మాట వచ్చి చేరుతుంది. అమ్మినవాడు కావాలని అబద్ధమాడాడో, తనకూ తెలియదో నేను చెప్పలేను. అడిగితే వచ్చిన జవాబు మాత్రం, "ఫొటోలు చూసే కదా పాడారు" అని. వెనక్కి పంపమన్నారు. ట్రాకింగ్‌తో పోస్టు ఖర్చు లెక్కవేస్తే ఆ కారు అసలు విలువకంటే ఎక్కువయ్యేలా ఉంది. చివరికి పావువంతు డబ్బు వెనక్కి తీసుకుని ఊరుకున్నాను. ఆ కారు ఇప్పుడూ నా బల్ల మీదే ఉంది. అమ్మను. అమ్మితే "రంగు మార్చినది, పెట్టె నకలు" అని నేను రాసిన మాట తర్వాతి చేతిలో మళ్లీ రాలిపోతుంది.

బాక్స్: "గిఫ్ట్" అని రాయకండి

విదేశీ అమ్మకందార్లలో మంచివాళ్లు మనకు సాయం చేద్దామని పార్సిల్ మీద "గిఫ్ట్" అని రాసేస్తుంటారు. 2019 డిసెంబరు నుంచి మన దేశంలో అది సాయం కాదు. పోస్టులో, కొరియర్‌లో వచ్చే వస్తువును కానుక పేరుతో సుంకం లేకుండా విడిపించుకునే వెసులుబాటును కేంద్రం అప్పుడు తీసేసింది. ప్రాణాధార మందులకు, రాఖీకి మాత్రమే మినహాయింపు మిగిలింది. రాఖీతోపాటు వచ్చే కానుకకు కూడా లేదు. కాబట్టి పాట గెలవగానే అమ్మినవాడికి ముందే రాయండి: అసలు ధర రాయండి, బిల్లు లోపల పెట్టండి, సుంకం నేను కట్టుకుంటాను అని. సుంకం లెక్కలో వస్తువు ధరతోపాటు పోస్టు ఖర్చు కూడా కలుస్తుందని గుర్తుంచుకుని మీ పై అంకె నిర్ణయించుకోండి. వ్యాపారానికి తెచ్చే ఆటబొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. సొంతానికి తెప్పించుకునే ఒక్క వస్తువుకు లెక్క వేరు. కానీ మన దుకాణాల్లో విదేశీ మినియేచర్ల ధర చూసి గుండె గుభేలుమనడానికి ఈ అంకెలు ఒక కారణం.

అమ్మేవాడి గోడు

కొనేవాడి బాధ రాసి ఊరుకుంటే సగమే రాసినట్టు. నా దగ్గర రెండేసి ఉన్న కార్లు మూడింటిని మన దేశంలోనే ఒక వేలం గుంపులో పెట్టాను. ప్రతి కారుకూ పది ఫొటోలు, అడుగుతో సహా. ఎక్కడ రంగు ఊడిందో, ఏ చక్రం మార్చిందో అన్నీ రాశాను. మొదటి కారు 3,200 రూపాయల దగ్గర ముగిసింది. పాడినాయన పొరుగు రాష్ట్రం మనిషి. అభినందనలు చెప్పాను. డబ్బు పంపే వివరాలు పంపాను. జవాబు లేదు. మూడు రోజులు, వారం, పది రోజులు. ఫోన్ ఎత్తడు. ఆయనకు కారు నచ్చలేదా, ఇంట్లో ఏదైనా ఇబ్బంది వచ్చిందా, అర్ధరాత్రి ఊపులో పాడి తెల్లారాక చల్లబడ్డాడా, నాకు తెలియదు.

అప్పుడు రెండో స్థానంలో ఉన్న కుర్రాడికి ఫోన్ చేశాను. విశాఖ కుర్రాడు, మర్యాదగా మాట్లాడాడు. 3,100కి ఇస్తాను తీసుకుంటారా అన్నాను. కాసేపు మౌనం. "అంకుల్, తప్పుగా అనుకోకండి. పైన పాడినాయన మీ మనిషి కాదు కదా?" అన్నాడు.

ఆ మాటకు నేను నొచ్చుకున్నాను. కానీ అతని స్థానంలో నేనుంటే అదే అనుమానపడేవాణ్ణి. దొంగపాట ఈ వేలాలకు పట్టిన పాత జబ్బు. అమ్మేవాడే ఇంకో పేరుతోనో, స్నేహితుడి చేతో పాట పెంచిస్తాడు. ఒకవేళ తనవాడే గెలిచేస్తే "ఆయన డబ్బు కట్టలేదు, మీరు తీసుకోండి" అని రెండో మనిషికి ఫోన్ చేస్తాడు. అచ్చంగా నేను చేసినట్టే. 2010లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ క్రౌన్ కోర్టు తన సరుకుకు తానే ఈబేలో పాట పెంచుకున్న ఒక వ్యాపారికి 5,000 పౌండ్ల జరిమానా, 250 గంటల సమాజసేవ శిక్షగా వేసింది. అక్కడ చట్టం దాకా వెళ్లింది. మన వాట్సాప్ గుంపుల్లో నక్షత్రాల చిట్టా కూడా లేదు, అడ్మిన్ మాటే చట్టం. డబ్బు కట్టని ఒక్క మనిషి చేసిన నష్టం నాకు 3,200 కాదు. నా మాట మీద ఒక కుర్రాడికి ఉండాల్సిన నమ్మకం పోయింది. కారును అతను మొదట తనంతట తాను వేసిన 1,800కే ఇచ్చాను. అది నష్టమని నేను అనుకోవడం లేదు.

పెద్ద సైట్లలోనూ అమ్మేవాడికి కాళ్ల కింద నేల గట్టిగా ఉండదు. 2008లో ఈబే ఒక మార్పు చేసింది. అమ్మేవాళ్లు కొన్నవాళ్ల మీద చెడుమాట రాసే వీలు తీసేసింది. దానికి కారణం ఉంది. సరుకు బాగాలేదని కొన్నవాడు నిజం రాస్తే, అమ్మినవాడు పగతో తిరిగి చెడుగా రాసేవాడు. ఆ భయంతో కొన్నవాళ్లు నోరు మూసుకునేవాళ్లు. ఆ జబ్బుకు మందు వేశారు, నిజమే. కానీ డబ్బు కట్టకుండా మాయమయ్యేవాడి గురించి పక్క అమ్మకందారుకు చెప్పే దారి కూడా దాంతోపాటు మూసుకుపోయింది. ఇవాళ ఎవరి పేరు పక్కనైనా పెద్ద అంకె ఉందంటే, కొనుగోలుదారుగా అతని గురించి అది చెప్పేది చాలా తక్కువ.

బాక్స్: అడుగు చూడకుండా పాడొద్దు

ఏ లోహపు కారుకైనా అడుగు ఫొటో, రెండు చివర్ల రివెట్ల దగ్గరి ఫొటో అడగండి. రివెట్ తల మీద రంగు ఉంటే బొమ్మ విప్పకుండానే పైన రంగు కొట్టారని అర్థం. తొలిచిన గుంట గాని, స్క్రూ గాని ఉంటే విప్పి బిగించారని అర్థం. యుద్ధానికి ముందు తయారైన వాటిలో లోహం మీద జుట్టులాంటి పగుళ్లున్నాయేమో చూడాలి. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోపలి నుంచే ఉబ్బి, పగిలి, చివరకు పొడి అయిపోతుంది. దానికి మందు లేదు. సీసం సైనికులు కొనేవాళ్లు తెల్లటి బూడిదలాంటి పొడి పట్టిందేమో చూడండి. ఓక్ చెక్క బీరువాల్లోంచి వచ్చే ఆమ్ల ఆవిరి సీసాన్ని అలా తినేస్తుంది. దాన్ని చేత్తో తుడవకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. అమ్మకందారు అడుగు ఫొటో పంపనంటే ఆ పాట వదిలేయండి. ఎంత అరుదైనదైనా సరే.

ఫోన్లు చేస్తున్నవారికి

ఎడిటరుగారు అడిగిన ఆ పెద్ద అంకె ఈ కథనంలో లేదు. అంకెలు ఉన్నాయి: 46, 68, 3,200, 1,800. ఇవే నాకు తెలిసిన నిజమైన ధరలు.

నేను ఈ బొమ్మల గురించి రాస్తానని తెలిసి ఇప్పటికే కొందరు ఫోన్ చేసి తమ ఇంట్లో పాత కార్లున్నాయని చెబుతున్నారు. వారందరికీ, ఇంకా చేయబోయేవారికీ ఒక్కటే విన్నపం. మీ నాన్నగారో తాతగారో కలకత్తా నుంచి తెచ్చిన చిన్న లోహపు కారు అటక మీద ఉంటే దానికి రంగు వేయకండి. సబ్బుతో కడగకండి. చిరిగిందని పెట్టె పారేయకండి. మెత్తటి పొడి బట్టతో దుమ్ము దులిపి, కారును వెల్లకిలా తిప్పి, కిటికీ వెలుతురులో అడుగును ఒక ఫొటో తీసి ఉంచండి. అమ్మాలనుకుంటే ఆ ఫొటోనే అన్నిటికంటే ముందు పెట్టండి.